చెట్లు ఎడమ చేతి వైపు ఉండాలి

ఏటా జనవరిలో నేను చేసే పని ఒకటుంది. గడిచిన సంవత్సరం డైరీని మొదటి పేజీ నుంచి చదివి, ఏ సంగతి ఏ పేజీలో ఉందో ఒక పట్టిక రాసి, వెనక అట్ట లోపలి వైపు అంటిస్తాను. సుభద్ర దీన్ని చిత్రగుప్తుడి ఉద్యోగం అంటుంది. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ ఉద్యోగానికి మాత్రం సెలవు పెట్టలేదు. ఈసారి ఆ పని నవంబరు పేజీల దగ్గర ఆగిపోయింది. నవంబరులో ఒక మంగళవారం, టొరంటోలో మా నార్త్ యార్క్ అపార్ట్‌మెంటుకి రెండు వీధుల అవతల ఉన్న లైబ్రరీలో సీనియర్ల కోసం ఒక ప్రసంగం పెట్టారు. బ్లూగ్రాస్ అనే సంగీతం ఎలా పుట్టిందన్నది విషయం. ఆ సాయంత్రం నేను రాసుకున్నది ఇలా ఉంది: "ఈరోజు లైబ్రరీలో కొత్తగా తెలిసింది. బేంజో అమెరికా వాద్యం కాదట. పశ్చిమ ఆఫ్రికాలో సొరకాయ బుర్రకి తోలు బిగించి వాయించేవారట. బానిసలుగా తీసుకురాబడినవాళ్ళు దాన్ని చేతుల్లో కాకపోయినా జ్ఞాపకంలో మోసుకొచ్చారట." పేజీ తిప్పాను. బుధవారం పేజీలో కూడా అదే ఉంది. "ఈరోజు లైబ్రరీలో కొత్తగా తెలిసింది" అంటూ, దాదాపు అవే మాటలు, అదే చేతిరాత. బుధవారం లైబ్రరీలో ప్రసంగమే లేదు.

ఒకే సంగతి రెండుసార్లు రాయడం ఒక్కటే అయితే పొరపాటని సరిపెట్టుకునేవాణ్ణేమో. నన్ను అంతకంటే భయపెట్టిన మాట "కొత్తగా". ఆ విషయం నాకు దాదాపు యాభై ఏళ్ళ కిందటే తెలుసు. అప్పట్లో మేం అద్దెకున్న అలెక్ గారి వంటింట్లో, కట్టెల పొయ్యి పక్కన, గోధుమ రంగు అట్ట ఉన్న డైరీలో అదే సంగతి రాసుకున్నాను. డైరీ మూసి సొరుగులో పెట్టేశాను. పట్టిక ఎందుకు ఆగిందని సుభద్ర అడిగితే కళ్ళజోడు మార్చుకోవాలన్నాను. పదకొండు రోజులు ఆ సొరుగు తెరవలేదు. పన్నెండో రోజున తెరిచింది ఆ సొరుగు కాదు, అలమారా పై అరలో పాత డైరీల పెట్టె. గోధుమ రంగు అట్టది బయటికి తీశాను. అలాంటి భయం నేను మొదటిసారి చూసింది ఆ చలికాలంలోనే. అప్పుడది వేరే మనిషిది.

అప్పటికి మాకు పెళ్ళయి ఏడాది. ఒంటారియో ఉత్తరాన సరస్సు ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్ళో కాగితం మిల్లు లేబరేటరీలో నాకు ఉద్యోగం. ఊరంతా కుళ్ళిన కోడిగుడ్డు వాసన. వారం తర్వాత ఆ వాసన ముక్కుకి తెలియడం మానేసింది, బట్టలకి మాత్రం పట్టే ఉండేది. లేబరేటరీలో ఒక నియమం ఉండేది. గుజ్జులో తేమ ఎంతో ఒకడు కొలిచి పుస్తకంలో రాస్తే, పక్కవాడు మళ్ళీ చూసి కింద రెండో సంతకం పెట్టాలి. రెండో సంతకం లేని అంకె చెల్లదు. ఆ నియమం నాకెంత నచ్చిందంటే, ఇంటికొచ్చి సుభద్రకి గంటసేపు వివరించాను. "మీ డైరీకి రెండో సంతకం ఎవరు పెడతారు మరి?" అంది. డైరీ అంటే సొంత విషయం, దానికి సంతకాలేమిటి అన్నాను.

అలెక్, మేబెల్ దంపతుల ఇంట్లో పై గది మాది, వంటిల్లు ఉమ్మడి. వాళ్ళిద్దరూ డెబ్బైకి అటూ ఇటూగా ఉండేవారు, పిల్లలు లేరు. ఆ వంటింటి వాసన ఇప్పటికీ నాకు గుర్తుంది: పొయ్యి మీది తీగకి ఆరేసిన తడి ఉన్ని చేతితొడుగులు, ఉడికే బంగాళాదుంపలు, ఫిడేలు వాయించే పొరుగాయన కమానుకి రాసే గుగ్గిలం, వీటన్నిటి మధ్య సుభద్ర వేసే ఇంగువ పోపు. మొదటిసారి ఆవాలు చిటపటమన్నప్పుడు మేబెల్ గారు తుపాకీ పేలిందనుకుని బల్ల వెనక్కి వెళ్ళారు. నెల తిరిగేసరికి "చిటపట ఏదీ?" అని ఆవిడే అడిగేవారు. అలెక్ గారు రిటైరైన కమ్మరి. ఆ ఫిడేలు పొరుగాయనతో సహా ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక చిన్న వాద్యబృందం నడిపేవారు. బేంజో ఆయనది. దాని ముఖానికి దూడ తోలు ఉండేది, తేమకి సడలిపోయేది. వాయించబోయే ముందు దాన్ని పొయ్యికి దగ్గరగా పట్టుకుని, వేలితో తట్టి వింటూ వేడి చేసేవారు. మా ఊళ్ళో డప్పు వాయించేవాళ్ళు గడ్డిమంట మీద డప్పు కాచడం చూసినవాణ్ణి కనుక, అది చూసిన రోజే నాకు ఆయన మా మనిషి అనిపించారు.

ఆ ఇంట్లో ఒక అలవాటుండేది. పొద్దున్న టిఫిన్ దగ్గర అలెక్ గారు ఒక ప్రశ్న అడిగేవారు. పాటల గురించి, పాత రేడియో కార్యక్రమాల గురించి, ఊరూరా తిరిగే గుడారాల ఆటల గురించి. చెప్పలేనివాళ్ళు ఆ పూట గిన్నెలు తుడవాలి. చెప్పలేనివాణ్ణి ఎప్పుడూ నేనే.

"బ్లూగ్రాస్ అంటే నీలం గడ్డి. గడ్డి నీలంగా ఎందుకుంటుంది, ప్రొఫెసర్?" రాసుకుంటూ ఉంటానని నన్ను ఆయన ప్రొఫెసర్ అని ఏడిపించేవారు.

"అక్కడి మట్టిలో ఏదో ఉండి ఉంటుంది."

"తప్పు. గడ్డి పచ్చగానే ఉంటుంది. వసంతంలో మొగ్గ తొడిగినప్పుడు దూరం నుంచి చూస్తే నీలంగా కనబడుతుంది. కెంటకీలో. అక్కడివాడొకడు తన బృందానికి ఆ పేరు పెట్టుకున్నాడు, తర్వాత సంగీతానికే ఆ పేరు అంటుకుంది. రాసుకో. రాసుకుని గిన్నెలు తుడు."

అలా ఒక్కొక్కటే రాసుకున్నాను. ఫిడేలు పాటలు స్కాట్లాండు, ఐర్లండు నుంచి ఓడలెక్కి వచ్చాయని, మేండొలిన్ ఇటలీదని, బేంజో ఆఫ్రికాదని, ఈ సంగీతంలో డోలు ఉండదని, మేండొలిన్ తీగల మీద టక్కుమని కొట్టే దెబ్బే డోలు పని చేస్తుందని, బృందంలో ఒకడు హాస్యం కూడా చెప్పాలని. ఆ చివరిది విని సుభద్ర, "మన బుర్రకథేనండీ ఇది! బుర్ర ఉంది, హాస్యగాడు ఉన్నాడు. తందాన తాన ఒక్కటే తక్కువ" అంది. నేను అనువాదం చేసి చెబితే అలెక్ గారు ఆ మాట నేర్పమన్నారు. మర్నాటి నుంచి బేంజో కాచుకుంటూ "టండానా టానా" అనేవారు.

బేంజో ఎక్కడ పుట్టిందన్న ప్రశ్న ఒక గురువారం అడిగారు. శుక్రవారం పొద్దున్న రొట్టెకి వెన్న రాసుకుంటూ, "ఒక ప్రశ్న. బేంజో ఎక్కడ పుట్టింది?" అన్నారు. వేళాకోళమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. నిజంగానే జవాబు కోసం నా వంక చూస్తున్నారు. ఆఫ్రికా అన్నాను. "భేష్! ఎలా తెలుసు నీకు?" అన్నారు. మేబెల్ గారు ముందు రోజు మధ్యాహ్నం నుంచి జ్వరంతో మంచం మీద ఉన్నారు. సుభద్ర పొయ్యి దగ్గర నుంచి తిరిగి నన్ను చూసింది. పైకి వెళ్ళి డైరీ తీసి వెనక పేజీలు తిరగేశాను. అలా తిరగేయకపోతే నాకు తెలిసేదే కాదు. తీరా చూస్తే, మూడు వారాల కిందట ఒక సరిహద్దు ఊరి రేడియో కార్యక్రమం వారంలో ఏ రోజు వచ్చేదో ఒకలా చెప్పి, పది రోజుల తర్వాత ఇంకోలా చెప్పారు. రెండుసార్లూ నేను శ్రద్ధగా రాసుకున్నాను, రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆయన ప్రతి శనివారం మమ్మల్ని ట్రక్కులో గడ్డకట్టిన సరస్సు దాటిస్తారన్నది వెంటనే గుర్తొచ్చింది.

చలికాలంలో ఆ సరస్సే దారి. అవతలి ఒడ్డు ఊళ్ళో బృందం వాయించే హాలుకి చుట్టూ తిరిగి వెళ్తే గంటన్నర, సరస్సు మీదుగా అయితే పావుగంట. మంచుగడ్డ గట్టిపడ్డాక ఊరివాళ్ళు స్ప్రూస్ అనే సూదాకుల చెట్ల కొనలు నరికి తెచ్చి, వరసగా పాతి దారి గుర్తు పెట్టేవారు. నలభై ఏళ్ళుగా ఆ చెట్లు పాతేవాళ్ళలో అలెక్ గారే ముందు. వెళ్ళేటప్పుడు చెట్లు ఎడమ చేతి వైపు ఉండాలి. తలుపులు గట్టిగా వేయకూడదు, అద్దాలు దించి ఉంచాలి, గడ్డ విరిగితే బయటికి దూకాలి కదా. ఏరు వచ్చి సరస్సులో కలిసే కుడి పక్కకి మాత్రం ఎన్నడూ పోకూడదు, అక్కడ నీరు కదులుతూ ఉంటుంది కనుక గడ్డ పలచన. ఇవన్నీ ఆయనే చెప్పగా రాసుకున్నాను. శనివారాలు మేబెల్ గారు ఆయన పక్కన కూర్చుని దారి పొడుగునా "చెట్లు, అలెక్. చెట్లు చూడు" అంటూ ఉండేవారు. ఎంత సణుగుడు మనిషో అని మేం నవ్వుకునేవాళ్ళం.

ఆ శనివారం మేబెల్ గారికి జ్వరం తగ్గలేదు. ఈ వారం వెళ్ళొద్దని మంచం మీద నుంచే అన్నారు. మిగతా ముగ్గురూ అప్పుడే వెళ్ళిపోయి అక్కడ ఎదురుచూస్తున్నారు, ఎలా మానతానని అలెక్ గారు బేంజో తీసుకున్నారు. ఒక్కరినే పంపడానికి మనసొప్పక మేమిద్దరం ఎక్కాం. సుభద్ర మధ్యలో, ఒళ్ళో బేంజో పెట్టె. నేను తలుపు వైపు. మధ్యాహ్నం రెండు గంటలవుతోంది. ఒడ్డు దిగేటప్పుడు తెరిపిగానే ఉంది. సగం దాటేసరికి గాలి లేచింది. కురిసే మంచు కాదు, కింద పడి ఉన్న మంచే పొడిలా లేచి ఆకాశమూ నేలా ఒకే తెలుపు చేసింది. అలెక్ గారు ట్రక్కు ఆపారు. మళ్ళీ కదిలించి, నెమ్మదిగా కుడికి తిప్పారు.

మర్యాద మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో నాకు ఆ రోజే తెలిసింది. కుడి పక్కన ఏరు ఉందని నాకు తెలుసు. చెట్లు కనబడటం లేదని చూస్తున్నాను. నోరు మాత్రం పెగల్లేదు. ఆయన పెద్దాయన, ఈ సరస్సు మీద నలభై ఏళ్ళు తిరిగినవాడు. నేను మొన్న వచ్చినవాణ్ణి, ఆయన కప్పు కింద ఉంటున్నవాణ్ణి. మా ఇంట్లో నాన్నగారు బండి తప్పు దారి పట్టించినా వెనక కూర్చున్న మేం పలికేవాళ్ళం కాదు.

"చెప్పండి" అంది సుభద్ర తెలుగులో, నా వైపు తిరక్కుండా.

"ఆయనకి తెలీదంటావా?"

"తెలీదు. నిన్న పొద్దున్న మీరు చూడలేదా? చెప్పండీ!"

"ఏమని చెప్పను? ఎలా చెప్పను?"

కింద గడ్డ ఉరిమింది. ఎక్కడో దూరాన మొదలై మా కింది నుంచి వెళ్ళి ఇంకో దూరంలో ఆగింది. చక్రాల కింద పొడి మంచు చప్పుడు పోయి తడి చప్పుడు మొదలైంది. సుభద్ర బేంజో పెట్టె మీద చేత్తో చరిచింది. మేబెల్ గారి దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషులో, టిఫిన్ బల్ల దగ్గర ఆయన అడిగే ఫక్కీలోనే, "మిస్టర్ అలెక్! ఒక ప్రశ్న! హాలుకి వెళ్ళేటప్పుడు చెట్లు ఏ వైపు ఉండాలి?" అని అరిచింది.

"ఎడమ!" అన్నారాయన తడుముకోకుండా, గెలిచినవాడి గొంతుతో. అని, ఎడమ వైపు చూశారు. అక్కడ ఏమీ లేదు. బ్రేకు మీద కాలు వేశారు. ఆయన మొహంలో రక్తం లేదు. స్టీరింగు మీద కుడి చేతి మూడు వేళ్ళు మాత్రం తీగలు మీటుతున్నట్టు వాటంతట అవి కదులుతున్నాయి. "నేనెక్కడున్నాను, ప్రొఫెసర్?" అన్నారు.

నేను దిగాను. వచ్చిన చక్రాల జాడ గాలికి పూడిపోతోంది. నడుం వంచి ఆ జాడ వెతుక్కుంటూ వెనక్కి నడిచాను. సుభద్ర కిటికీలోంచి సగం బయటికి వంగి చెయ్యి ఊపుతూ దారి చెబుతోంది, ఆయన రివర్సులో నా వెనకే వస్తున్నారు. అడుగు వేసిన ప్రతిసారీ ఇక్కడ గడ్డ ఉందా అనే అనుకున్నాను. జాడ రెండు చోట్ల పూర్తిగా పోయింది. రెండోసారి, ఇక లేదనుకుని నిలబడిపోయినప్పుడు, చేతికి ముళ్ళలాంటి ఆకులు తగిలాయి. నా ఎత్తు కూడా లేని స్ప్రూస్ కొన. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఎంతసేపు ఉన్నానో తెలియదు. డైరీలో ఆ రోజు పేజీలో ఒక్క వాక్యమే ఉంది: "చెట్టు దొరికింది."

హాల్లో ఆయన ఎప్పటికంటే బాగా వాయించారు. ఒక్కటే మైకు, నలుగురూ దాని చుట్టూ మూగి, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు ముందుకు జరిగి వాయించి వెనక్కి తప్పుకుంటారు. ఆయన ఒక్క వంతు తప్పలేదు, ఒక్క స్వరం జారలేదు. జనం ఈలలు వేస్తుంటే నేను మాత్రం బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. సరస్సు మీద తప్పిపోయిన మనిషి, మైకు ముందు తప్పని మనిషి ఒక్కరే కావడం చూస్తే నాకు సరస్సు మీద కంటే ఎక్కువ భయం వేసింది. తర్వాత వెనక గదిలో నా భుజం పట్టుకుని, "మేబెల్‌కి చెప్పకు. ఆవిడ భయపడుతుంది" అన్నారు. సరేనన్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఫిడేలు ఆయన ట్రక్కు నడిపారు.

మర్నాడు పొద్దున్న ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతూ సుభద్ర అడిగింది. "ఎప్పుడు చెప్తారు ఆవిడకి?"

"చెప్పనని మాటిచ్చాను."

"నేనివ్వలేదుగా."

"సుభద్రా, పెద్దవాళ్ళ సంసారం. మనం మధ్యలో దూరడం..."

"వచ్చే శనివారం మీ మర్యాదని కూడా ట్రక్కులో ఎక్కించుకుని వెళ్ళండి. నేను రాను."

నాలుగు రోజులు పట్టింది నాకు. ఆ నాలుగు రోజులూ ఆయన నోరు తెరిచి "ఒక ప్రశ్న" అంటే నాకు మళ్ళీ కాళ్ళ కింద గడ్డ ఉరిమినట్టుండేది. అయిదో రోజు, గిన్నెలు తుడుస్తూ, మేబెల్ గారితో అంతా చెప్పేశాను. ఆవిడ చేతులు తుడుచుకుని బల్ల సొరుగు లాగారు. దాని నిండా చీటీలు. ఒక్కో దాని మీద ఒక ప్రశ్న, కింద జవాబు, ఆవిడ గుండ్రటి రాతలో. ఏడాదిన్నరగా రోజూ పొద్దున్న ఒక చీటీ ఆయన చొక్కా జేబులో పెడుతున్నారట, బల్ల దగ్గరికి వచ్చేముందు ఆయన చూసుకునేలా. చీటీ లేకుండా అడిగిన రోజుల్లోనే నేను పట్టుకున్న ఆ తేడాలు వచ్చాయట. "జ్వరం వచ్చిన మర్నాడు చీటీ మార్చలేదు" అన్నారు. మేం సణుగుడనుకున్నది ఏమిటో అప్పుడు అర్థమైంది.

"ఆయన నీకు చెప్పొద్దన్నాడు, నేను భయపడతానని" అన్నారావిడ. "నేను ఎవరికీ చెప్పలేదు, ఆయన భయపడతాడని. నువ్వు చెప్పలేదు, మేమిద్దరం ఏమనుకుంటామోనని. ఇంత చిన్న ఇంట్లో ముగ్గురం, మూడు మూలల్లో." సొరుగు మూశారు. "నీ పెళ్ళానికి థాంక్స్ చెప్పు. నువ్వు తుడవాల్సిన గిన్నెలు ఇంకా ఉన్నాయి."

ఆ తర్వాత ట్రక్కు ఫిడేలు ఆయన నడిపారు. వసంతంలో నాకు టొరంటోలో ఉద్యోగం దొరికి వచ్చేశాం. మేబెల్ గారి ఉత్తరాలు కొన్నేళ్ళు వచ్చాయి. ఆయన ఆవిడ పేరు మరిచిపోయాక కూడా బేంజో కాచుకుంటూ "టండానా టానా" అంటున్నారని ఒకదాంట్లో ఉంది. అదేం భాషో డాక్టరుకి అంతుబట్టలేదట.

ఆ డైరీ చదవడం ముగించేసరికి పొద్దెక్కింది. పద్నాలుగో అంతస్తు కిటికీలోంచి చూస్తే కింద రోడ్డు మీద ఉప్పు చల్లిన నల్లటి దారి, బస్సులు, ఎటు తిరగాలో ప్రతివాడి ఫోనూ చెబుతూనే ఉంది. మా మనవరాల్ని ఏదైనా ప్రశ్న అడిగితే "తాతా, జస్ట్ లుక్ ఇట్ అప్" అంటుంది. నిజమే, జవాబులు పోగొట్టుకోవడం ఇప్పుడంత తేలిక కాదు. కానీ నేనెక్కడున్నానో నాకు తెలియని రోజు వస్తే ఆ ఫోనుని ఏమని అడగాలో నాకు తెలియదు. అలెక్ గారు చెట్లు పాతినట్టు నేను రోజుకొక పేజీ పాతుకుంటూ వచ్చాను. రెండు చెట్లు ఒకే చోట పాతి ఉన్నాయని చూసి పదకొండు రోజులు నోరు మూసుకు కూర్చున్నాను. మళ్ళీ అదే మర్యాద, ఈసారి నాతో నాకే.

సుభద్ర వంటింట్లో దోసెలు పోస్తోంది. నవంబరు డైరీ తీసుకెళ్ళి బల్ల మీద ఆ రెండు పేజీలూ తెరిచి పెట్టాను. పొయ్యి కట్టేసి, కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మంగళవారం, తర్వాత బుధవారం. మళ్ళీ మంగళవారం.

"ఎప్పుడు చూశారిది?"

"పన్నెండు రోజులైంది."

"కళ్ళజోడు మార్చాలన్నది ఇదా?"

"భయమేసింది, సుభద్రా."

"మేబెల్ గారింట్లో ఏం నేర్చుకున్నారండీ మీరు? గిన్నెలు తుడవడమా?" కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఒక ప్రశ్న. హాలుకి వెళ్ళేటప్పుడు చెట్లు ఏ వైపు ఉండాలి?"

"ఎడమ."

"వచ్చేటప్పుడు?"

జవాబు చెప్పాను. చెప్పేముందు కొంచెం ఆలస్యమైంది. ఆ ఆలస్యాన్ని ఆమె చూసింది, ఆమె చూడటం నేను చూశాను. మధ్యాహ్నం డాక్టరుకి ఫోన్ చేసి తనే అపాయింట్‌మెంట్ తీసుకుంటానంది. కలం అందుకుంది.

"మీ లేబరేటరీలో సంతకం ఎక్కడ పెట్టేవారు?"

"రెండోసారి చూసినవాళ్ళు, కింద."

బుధవారం పేజీ కింద "ఇది నిన్నటిదే" అని రాసి, సుభద్ర అని సంతకం చేసింది. "రోజూ పెట్టాలా?"

"రోజూ."

"అయితే కాస్త కనిపించేలా రాయండి. చీమల బారులా ఉంటుంది మీ రాత."

ఆ రోజు పేజీ పెద్ద అక్షరాలతో రాశాను.